గొంతుకు ఎన్నేళ్ళు ఇస్తావు

జూలై

మా మండీలో జూలై నెలాఖరుకు నా గొంతు బొంగురుపోలేదంటే ఆ ఏడు కాయ సరిగ్గా రాలేదని లెక్క. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడికాయల మండీలో ముప్పై ఏళ్ళుగా ఏలం పాట పాడింది నేనే. పొద్దున్నే ట్రాక్టర్లు వచ్చి కుప్పలు పోసిన దగ్గర్నుంచి ఆఖరి కుప్ప లేచేదాకా అరుస్తూనే ఉండాలి. హైవే మీద లారీల మోత, కూలీల కేకలు, వ్యాపారుల ఎత్తిపొడుపులు, అన్నిటి మీదా నా మాట వినపడాలి. మైకు పెడతానని మండీ యజమాని రెండు మూడుసార్లు అన్నాడు. నాకు చిన్నతనంగా తోచి వద్దన్నాను.

సీజను ముగిశాక మిరియాల కషాయం తాగుతూ నోరు కట్టుకుని కూర్చుంటే వినాయక చవితికల్లా గొంతు తిరిగొచ్చేది. ఆ ఏడు రాలేదు. ఎదురుపడిన వాళ్ళంతా "ఏమప్పా చెంగల్రాయుడూ, ఈ తూరి కాయ బాగా ఆడినట్టుండాదే" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. గొంతు పోవడం మా పనిలో జబ్బు కాదు, బాగా పనిచేశామని చెప్పుకునే గుర్తు. ఇంత తెలివితక్కువ మాట ఇంకొకటి లేదని ఇప్పుడు తెలుసు. పాడేవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు, బస్టాండుల్లో ఊర్ల పేర్లు అరిచేవాళ్ళు, ఎవరైనా సరే, బొంగురు మూడు వారాలు దాటితే కషాయాన్ని నమ్ముకోకండి. ఇది రాయడంలో నాకున్న మొదటి పని ఈ ఒక్క మాట చెప్పడమే.

అది కాయల బొంగురేనన్న మాటను మా ఇంట్లో నమ్మనిది కస్తూరి ఒక్కతే. కస్తూరి నా భార్య, మా అక్క కూతురు. చిన్నప్పటి నుంచి నన్ను మామా అనే పిలుస్తుంది, కోపమొచ్చినా అదే పిలుపు.

"మామా, ఇది కాయల గొంతు గాదు. ముద్ద మింగేటప్పుడు మెడ వంచతా ఉండావు, నేను సూస్తానే ఉండా. రేపు చిత్తూరికి పోతాండాం" అంది.

చవితి దాటాక

చిత్తూరులో గొంతు డాక్టరు సన్నని గొట్టం ముక్కులోంచి లోపలికి పంపి చూశాడు. చూసేముందు ఈ ఏడు తోతాపురి మామిడి ధర గురించి కబుర్లు చెప్పినవాడు, చూశాక కబుర్లు మానేసి చీటీ రాశాడు. తిరుపతి పొమ్మన్నాడు. మామూలుగా కాణిపాకం దాటేటప్పుడు బస్సులోంచే దణ్ణం పెట్టుకునే మనిషిని, ఆ రోజు మరిచిపోయాను. కస్తూరి నా చేయి పట్టి పైకెత్తింది.

తిరుపతి ఆసుపత్రిలో ఒక వింత ఉంది. కూర్చున్న వాళ్ళలో సగం మందికి గుండ్లే. కొండకు పోయి తల నీలాలు ఇచ్చొచ్చింది ఎవరో, మందుకు జుట్టు రాలింది ఎవరికో చెప్పలేం. నేను గంటలకొద్దీ అదే కనిపెట్టే ప్రయత్నం చేశాను. కనుబొమలు చూస్తే తెలుస్తుందని పక్కన కూర్చున్న పుత్తూరు ఆవిడ రహస్యం చెప్పింది. ఆమె తన బిడ్డకు తెచ్చుకున్న పెరుగన్నంలో కొంచెం తీసి మా డబ్బా మూతలో పెట్టింది. మేము తినకుండా వచ్చామని ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు తెలియదు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పే రోజు తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే మా కొడుకు లోకేశ్ సెలవు పెట్టి వచ్చాడు. పెద్ద డాక్టరు నెమ్మదైన మనిషి. స్వరపేటికలో గడ్డ ఉందని, క్యాన్సరేనని, రెండు దారులున్నాయని చెప్పాడు. స్వరపేటిక మొత్తం తీసేస్తే ఎక్కువ కాలం బతకడానికి అవకాశం, కానీ ఈ గొంతు ఉండదు. మెడ మీద రంధ్రంలోంచి ఊపిరి తీసుకోవాలి. రేడియేషనుతో ప్రయత్నిస్తే గొంతు మిగలవచ్చు, కానీ గడ్డ పక్కకు పాకింది గనుక తిరగబెడుతుందన్న భయం ఎక్కువ. వారం ఆలోచించుకోమన్నాడు.

"ఆలోచించేదానికి ఏముండాది నాయనా? తీయించుకో. మనిషుంటే చాలు" అన్నాడు లోకేశ్ బయటికొచ్చాక.

వాడు చెప్పింది తప్పేం కాదు. కానీ తీసేది వాడి గొంతు కాదు. ఆ వారం వాడితో సరిగ్గా మాట్లాడలేదు. ఉన్న గొంతునే వాడకుండా కూర్చున్నానని కస్తూరి దెప్పింది.

కార్తీకం

మరోసారి ముగ్గురం ఆసుపత్రికి పోయినప్పుడు నీలిమ అనే అమ్మాయి వచ్చింది. డాక్టరు చదువు పూర్తిచేసి పైచదువు చదువుతోందట, విజయవాడ వైపు పిల్ల. మా మాదిరి రోగుల జీవితం ఎంత బాగుందో కొలవడం ఆమె పని. మీరు ఒప్పుకుంటే మీ మనసులో ఏముందో పెద్ద డాక్టరుకు కూడా చూపిస్తాను, నిర్ణయానికి సాయంగా ఉంటుంది అంది. ఒప్పుకున్నాను. కొలత అనే మాట వినగానే నాకు జబ్బు సగం మరుపుకొచ్చింది. కుప్ప చూసి బరువు చెప్పడం, పూత చూసి కాపు చెప్పడం నా వృత్తి. ఆయుష్షును ఏ తక్కెడలో తూస్తారో చూద్దామనిపించింది.

ఆమె విడమరిచి చెప్పింది. నిండు ఆరోగ్యంతో బతికిన ఏడాది అంటే ఒకటి. చావు అంటే సున్నా. జబ్బుతో బతికిన ఏడాదికి మధ్యలో ఎక్కడో ఒక విలువ. సగం సుఖంగా రెండేళ్ళు బతికితే నిండుగా ఒక ఏడాది బతికినట్టే లెక్క. ఏ వైద్యం చేస్తే ఇలాంటి నిండు ఏళ్ళు ఎక్కువ దక్కుతాయో ఈ కొలతతో పోల్చి చూస్తారట.

"అయితే మేము కాయను ఏరినట్టే గదమ్మా. మచ్చ లేనిది ఒకటో రకం, మచ్చుంటే రెండో రకం, దెబ్బ తగిలింది గుజ్జు ఫ్యాక్టరీకి."

"కొంచెం అలాంటిదే అండీ."

"మరి ఈ మచ్చకింత అని ఎవరు చెప్తారు?"

"చాలాసార్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే అడుగుతాం. మీకు ఇలా అయితే ఎలా ఉంటుందో ఊహించి చెప్పమంటాం."

"కాయ తినకుండానే రుచి చెప్పేస్తారు."

ఆ అమ్మాయి నవ్వి, జబ్బుతో బతుకుతున్నవాళ్ళను అడిగితే విలువ తరచుగా ఎక్కువే చెబుతారని, అదెందుకో తమకే పూర్తిగా తెలియదని ఒప్పుకుంది. తెలియదని చెప్పిన డాక్టరును నేను చూడటం అదే మొదటిసారి. ఆ పిల్ల నాకు నచ్చింది. సున్నా కింద కూడా ఉంటుందా అని అడిగితే ఉంటుందంది, చావుకంటే హీనమని జనం చెప్పే స్థితులు ఉన్నాయట. నిద్రపోయే గంటలకు విలువ కడతారా అంటే అవి విడిగా లెక్కించరంది. మొగుడూ పెళ్ళాం కలిసి బతికే ఏడాది ఒకటా, రెండా అని కూడా అడిగాను. రోగి ఏడాది మాత్రమే లెక్కకు వస్తుందని చెప్పింది.

ఆ తర్వాత అసలు ప్రశ్న.

"మాట లేకుండా పదేళ్ళు బతుకుతారు. లేదా ఈ గొంతుతో తొమ్మిదేళ్ళు. ఏది కావాలి?"

"గొంతుతో."

"ఎనిమిదేళ్ళయితే?"

"గొంతుతోనే."

ఇక్కడే నా వృత్తి నన్ను ముంచింది. ఏలంలో అవతలి మనిషి తన మాట తానే మార్చుకుంటూ పోతున్నాడంటే, మన పని అడ్డం పడకుండా ఊ కొట్టడం. ఎక్కడ ఆగుతాడో చూడాలి. నోటితో అన్న ఏ మాటకూ కట్టుబాటు లేదు, చేతిలో చెయ్యి పడితేనే బేరం కుదిరినట్టు. ఈ అమ్మాయి ఏడు అంది, ఆరు అంది. ఇంకా ఎంత దిగుతుందో చూద్దామని నేను ఊ కొడుతూ పోయాను. అయిదు అంది. ఊ. నాలుగు అనేసరికి, చాలు ఆగమ్మా అన్నాను. ఆమె రాసుకుని, థాంక్సండీ అని లేచింది.

"అయిపోయిందా? చెయ్యి కలపలేదే?" అన్నాను.

పాపం, మర్యాదకు అడిగాననుకుని ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి చాపి నా చేతిలో కలిపింది. మా లెక్కన బేరం ముగిసిపోయింది.

పెద్ద డాక్టరు పిలుపు కోసం బయట కూర్చున్నప్పుడు పక్కన మునిరత్నం అనే ఆయన పరిచయమయ్యాడు. కాణిపాకం గుడి దగ్గర టెంకాయలు, గరిక అమ్ముకునే మనిషి. మెడకు తెల్లటి గుడ్డ కట్టుకున్నాడు. మాట్లాడాలంటే గుడ్డ మీదనుంచే బొటనవేలితో రంధ్రం మూస్తాడు. గరగరమంటూ మాట వస్తుంది. గొంతులో చిన్న కవాటం పెట్టారట. మొదట నాకు ఆ వేలు తప్ప ఇంకేమీ కనపడలేదు. కొంతసేపటికి ఆయన తన వియ్యంకుడి పిసినారితనం గురించి చెబుతుంటే నేను నవ్వుతున్నాను, వేలు సంగతి మరిచిపోయాను.

"నిన్ను గూడా ఆ పదేళ్ళ ప్రశ్న అడిగినారా అన్నా?" అన్నాను.

"అడిగినారు. ఆపరేషన్‌కి ముందర అడిగితే, గొంతుంటే చాలు, మూడేళ్ళు బతికినా చాలన్నా. మొన్న మళ్ళా అడిగినారు. తొమ్మిదన్నా. ఆ ఒక్కేడు గూడా ఎందుకు వదులుకున్నానంటే, నీళ్ళు పోసుకునేటప్పుడు భయం. రంధ్రంలోకి పోతే ఊపిరాడదు. మాటకేముండాదిబ్బా, వచ్చిన కాడికి చాల్తాది."

ఒకే మనిషి, ఒకే మెడ, రెండు ధరలు. ఇది నాకు చాలా వింతగా తోచింది. లోపలికి పోయేదాకా దాన్ని గురించే ఆలోచిస్తున్నాను.

లోపల పెద్ద డాక్టరు కాగితం చూసి, "చెంగల్రాయుడు గారూ, గొంతు మీకు చాలా ముఖ్యమని అర్థమైంది. దానికోసం పదేళ్ళలో అయిదేళ్ళు వదులుకోవడానికైనా సిద్ధమన్నారు. అలాంటప్పుడు రేడియేషన్ గురించే గట్టిగా ఆలోచిద్దాం" అన్నాడు.

లోకేశ్ తల దించుకున్నాడు. కస్తూరి నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"అయిదేళ్ళా మామా" అంది. "ఎవరిని అడిగి ఇచ్చినావు? నీ పదేళ్ళు నీ ఒక్కడివేనా? అందులో నేను యాడుండాను?"

అది బేరం మాట, నిజం మాట కాదు అని చెప్పబోయాను. డాక్టరుకు అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదని చెప్పాలి. నిజం మాట ఏదో అప్పటిదాకా నన్ను నేను అడగలేదు. మండీలో నా గొంతు లేకపోతే నేనెవరినో నాకు తెలియదు. భయమేసింది. రోగం పేరు విన్నప్పటికంటే ఎక్కువ భయమేసింది. మధ్యాహ్నం వచ్చి చెప్పమని డాక్టరు పంపేశాడు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. చుట్టూ జనం. కొడుకు ఎదురుగానే నిలబడ్డాడు. కస్తూరి కొంగు తీసి నా చేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టింది. మా వైపు పదిమంది ముందు చెప్పలేని ధరను వ్యాపారులు తువాలు కింద వేళ్ళు పట్టుకుని తేలుస్తారు. పట్టుకున్న వేలుకు ఒక లెక్క, గుప్పెడు పడితే అయిదు. మండీల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అది ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆడవాళ్ళు అలా బేరమాడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆమె నా అయిదు వేళ్ళూ కలిపి గట్టిగా పట్టుకుంది. వదిలి మళ్ళీ అయిదూ పట్టుకుంది. మాట పోయినా సరే, ఏళ్ళు పది.

నేను అయిదు పట్టుకుని, తర్వాత నాలుగే పట్టుకున్నాను. తొమ్మిది. ఇది మాత్రం అలవాటు కాదు. గొంతు వదలడానికి మనసు రాక. ఆమె నా చిటికెన వేలు వెతికి పట్టుకుని మెలిపెట్టింది. నొప్పికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నొప్పికే అనుకుని ఆపుకోలేదు. ఆమె మొహం మాత్రం వ్యాపారి మొహంలా కదలకుండా ఎదురు గోడను చూస్తోంది. చివరికి అయిదూ, మళ్ళీ అయిదూ పట్టుకున్నాను. అప్పుడు కొంగు తీసింది.

"పోయి చెప్పు నాయనా, ఆపరేషన్ చేసేయమను" అంది లోకేశ్‌తో.

పూత

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. కళ్ళు తెరిచాక అరవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. తెలిసిన సంగతే అయినా తెలియనట్టు అదిరిపోయాను. కొన్నాళ్ళు పలక మీద రాసేవాణ్ణి. ముందు ఒక్కొక్క మాట, తర్వాత పేజీలు. ఇప్పుడు ఇంత రాస్తున్నానంటే ఆ పలక పుణ్యమే. ఒక నర్సు నేను రాసేది పూర్తయ్యేదాకా పక్కనే నిలబడి, మధ్యలో తొందరపెట్టకుండా చదివేది. అంత ఓపిక ఎంత అరుదో మాట పోయినవాడికే తెలుస్తుంది. తక్కినవాళ్ళు నేను రాయడం మొదలుపెట్టగానే నా మాట వాళ్ళే పూర్తిచేసేవాళ్ళు, ఎప్పుడూ తప్పుగానే. ఇంకో తమాషా, మాట పోయినవాడికి చెవులు కూడా పోయాయనుకుని చుట్టాలంతా నాతో గట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు. ఆ తర్వాత రేడియేషన్ కూడా ఇచ్చారు. మాటకు కవాటం పెట్టారు, బొటనవేలి విద్య నేర్చుకున్నాను. లోకేశ్ ప్రతి ఆదివారం వచ్చి రంధ్రం శుభ్రం చేయడం వాళ్ళమ్మకంటే బాగా నేర్చాడు. వాడి మీద కోపం ఎప్పుడు పోయిందో గమనించలేదు.

రేడియేషన్ ముగించుకుని బస్సులో ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బంగారుపాళ్యం దగ్గరపడుతోంది. రోడ్డుకు రెండు వైపులా తోటలు. చీకటి పడింది, కిటికీ పక్కనే కూర్చున్నా పూత కనపడలేదు. వేలు పెట్టి అడిగాను.

"ఈ ఏడు పూత తక్కువనా?"

కస్తూరి నా మొహం చూసింది. "ఏంది మామా అట్లంటావు. ముక్కులు పగిలిపోతాండాయి వాసనకి."

అప్పుడు తెలిసింది. ఊపిరి మెడలోంచి పోతే ముక్కుకు పనిలేదు. డాక్టరు ముందే చెప్పాడట, నీలిమ కూడా చెప్పిందట. గొంతు గొడవలో ఆ మాట నా చెవికెక్కలేదు. ముప్పై ఏళ్ళు నా పనంతా గొంతుదే అనుకున్నాను. కానీ కళ్ళు మూసుకుని ఏ కుప్ప మాగిందో, ఏది మందుపెట్టి మాగబెట్టిందో చెప్పింది నా ముక్కు. ఎవరూ దానికి ఎన్నేళ్ళిస్తావని అడగలేదు. నేనూ నన్ను అడగలేదు. ఆ రోజు బస్సులో ఏడ్చినంతగా రోగం పేరు విన్నరోజు కూడా ఏడవలేదు.

కాయల కాలం

జూన్‌లో పరీక్షకు పోయాం. గడ్డ తిరిగి రాలేదన్నారు. మండీలో ఇప్పుడు మైకు పెట్టారు, వేరే ఆయన పాడుతున్నాడు. నేను కాయ ఏరే దగ్గర కూర్చుంటాను. కన్ను పనిచేస్తుంది. ముక్కు పని కస్తూరిది. కాయ మాగబెట్టే కొట్టులోకి పోయి వాసన చూసి వచ్చి చెబుతుంది. ఆమె చెప్పేది మొదట్లో "బాగుండాది" అని ఒక్క మాటే. ఇప్పుడు చాలాసేపు చెబుతుంది.

ఆ పరీక్ష రోజే నీలిమ మళ్ళీ వచ్చింది. నిలువు గీత మీద కింద సున్నా, పైన వంద ఉన్న కాగితం ఇచ్చి ఈరోజు ఆరోగ్యం ఎక్కడుందో గుర్తు పెట్టమంది. డెబ్బై దాటించి పెట్టాను. తర్వాత పదేళ్ళ ప్రశ్న.

"ఇప్పుడున్నట్టే పదేళ్ళు. లేదా గొంతు, వాసన రెండూ తిరిగొచ్చి తొమ్మిదేళ్ళు."

"పదే" అన్నాను, వేలు పెట్టి.

"తొమ్మిదిన్నర అయితే?"

"పది."

ఆమె కలం ఆపింది. "అప్పుడు లెక్క ప్రకారం మీకు నిండు ఆరోగ్యం ఉన్నట్టే వస్తుందండీ. ఏ లోటూ లేనట్టు."

అది ఒప్పుకోలేకపోయాను. లోటు లేకపోవడం వేరు, ఇచ్చేదానికి ఏళ్ళు లేకపోవడం వేరు. ఈ రెండూ వాళ్ళ తక్కెడలో ఒకే చోట తూగుతున్నాయి.

"లోటుండాదమ్మా. శానా ఉండాది" అన్నాను గరగరమంటూ. "అమ్మేదానికి ఏళ్ళు లేవు. అంతే."

బాగా చెప్పారు గానీ దాన్ని ఎక్కడ రాయాలో తెలియదంది. అప్పటిదాకా సంచీ సర్దుకుంటున్న కస్తూరి తలెత్తింది.

"అమ్మా, ఆయనకి వాసన తిరిగొస్తాదంటే నా దాంట్లో రెండేళ్ళు తీసుకో. నాకు అక్కర్లేదు."

నాకు ఒళ్ళు మండింది. రంధ్రం మూయడం మరిచిపోయి అరిచాను. గాలి తుస్సుమంది. వేలు వెతికి పెట్టుకుని మళ్ళీ అన్నాను.

"ఎవరినడిగి ఇస్తా ఉండావు? ఆ రెండేళ్ళు నీ ఒక్కదానివేనా?"

"అప్పుడు నువ్వడిగినావా మామా?" అంది కస్తూరి. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

నీలిమ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కలం గాలిలోనే ఉంది. "ఇప్పుడు నేనేం రాయాలి?" అంది.

"ఖాళీగా వదిలెయ్ తల్లీ" అంది కస్తూరి, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "మేము ఇంటికి పోయి తేల్చుకుంటాం."

ఇంకా తేలలేదు.